మళ్లీ మళ్లీ వచ్చే పాదం

మా తెలుగు టీచరుగారు ఇక లేరని మొన్న ఆదివారం మండపేట నుంచి ఫోనొచ్చింది. పదో తరగతిలో నా చేత పద్యాలు వల్లె వేయించిన మనిషి. అంత ఖంగుమనే గొంతు ఆగిపోయిందంటే నమ్మబుద్ధి కాలేదు.

వ్యాసంలో చెప్పిందే మళ్లీ చెబితే ఆవిడ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన "పునరుక్తి" అని రాసేవారు. "ఒకసారి చెప్తే విననివాడు రెండోసారి మాత్రం వింటాడేంటే?" అనేవారు.

నేను రాజమండ్రిలో ఎమ్మే చదివే రోజుల్లో ఆవిడకో క్యాసెట్ పట్టుకెళ్లాను. యూరప్‌లో గుర్రపుబళ్ల మీద తిరిగిన రోమా సంచారుల కవిత, వాళ్ల భాషలోనే ఒకావిడ చదివింది. దారిలో భర్తను పోగొట్టుకున్న ఇల్లాలి గోడు. ఇంగ్లీషులో అర్థం రాసిన కాగితం కూడా ఇచ్చి, తెలుగు చెయ్యండని బతిమాలాను.

బల్ల మీద వేళ్లతో మాత్రలు లెక్కేస్తూ విన్నారు. అలవాటు కొద్దీ ప్రతి పాదంలోనూ రెండో అక్షరం దగ్గరే చెవి పెట్టారు. "ఇదేంటే, ప్రాస కుదర్లేదూ!" అని మొహం చిట్లించారు. క్యాసెట్ మళ్లీ తిప్పి విన్నాక ఒకటే నవ్వు. "నా మొహం! వీళ్లు పాదం చివర కలుపుతున్నారే. నేను వీధి గుమ్మంలో కాపు కాస్తుంటే చుట్టం పెరటి దారిన వచ్చి కూర్చున్నాడు!"

తెలుగు చేస్తుంటే నడక కుదిరింది, ప్రాసా కుదిరింది. చిక్కంతా ఒక్క పాదంతోనే. ప్రతి చరణం చివరా అదే వస్తుంది: "పొద్దున్నే గుర్రానికి నీళ్లు పెట్టాడు." ఆవిడ మొదటిది ఉంచి తక్కినవన్నీ కొట్టేశారు. వారం తిరక్కుండానే నన్ను రమ్మని కబురు పెట్టారు. చూస్తే, కొట్టేసినవన్నీ మళ్లీ రాసి ఉన్నాయి.

"పునరుక్తి కదండీ?" అన్నాను, ఆటపట్టిస్తూ.

ఆవిడ నవ్వలేదు. "తీసేసి చదివితే ఆ ఇల్లాలి నోరు నొక్కినట్టుందే. నొక్కడానికి మనమెవరం?" అన్నారు. ఆ క్షణంలో ఆవిడ మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఫోను రాగానే బయల్దేరి మండపేట వెళ్లాను. వాళ్లాయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. రైస్ మిల్లులో గుమాస్తాగా చేసిన ఆయన అడిగితే తప్ప మాట్లాడేవారు కాదు.

"పొద్దున్నే కాఫీ తాగిందమ్మా," అన్నారు నాతో.

నా వెనకాలే వచ్చిన మిల్లు మేస్త్రీతోనూ అదే. "పొద్దున్నే కాఫీ తాగిందండీ." పక్కింటావిడతోనూ అదే.

"అందరికీ చెప్పారుగా బాబాయ్, ఇక లోపలికి రండి," అంటూ బంధువొకాయన లేవదీయబోయాడు. నేను వద్దని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

గేటు దగ్గర ఇంకెవరో చెప్పులు విడిచారు. ఆయన తలెత్తి వాళ్లకేసి చూశారు.