అల్లుడు నింపిన ట్యాంకు

కాలు విరిగి నంద్యాల ఆస్పత్రిలో పడుకున్నప్పుడు మా నాయన దిగులంతా మరబోటు ఇంజను మీదే. నందికొట్కూరు అవతల కృష్ణ వెనుక జలాల్లో ఆ బోటు మీద మనుషుల్ని దాటిస్తూనే ఆయన మమ్మల్ని సాకాడు. మళ్లీ లేచి నడిచేదాకా ఇంజను చెడకుండా దాచాలి. ఆ పని నాకు వచ్చు. పెళ్లికి ముందు ప్రతి వేసవిలో, నీళ్లు తగ్గి బోటు ఒడ్డెక్కగానే, ఆయన పక్కన కూర్చుని చేసినదాన్నే. అయినా ఇంజనును అల్లుడికి అప్పగించాడు. మా ఆయనకు ఆళ్లగడ్డలో షాపుంది, పొలాల డీజిల్ ఇంజన్లు బాగుచేస్తాడు.

మా ఆయన దాన్ని ఆటోలో షాపుకు తెచ్చి, ట్యాంకు నిండా పెట్రోలు పోసి మూలన పెట్టాడు. డీజిలుకైతే అది సరైన పనే, ట్యాంకులో ఖాళీ ఉంటే తేమ పడుతుంది. పెట్రోలు సంగతి వేరు. నిలవుంటే జిగురవుతుంది, పైగా ఇప్పుడు అందులో కలిపే ఇథనాల్ నీటిని పీలుస్తుంది. నాయన ట్యాంకు ఖాళీ చేసి, పైపులో మిగిలింది కూడా కాలిపోయి ఇంజను తనంతట తాను ఆగేదాకా తిప్పేవాడు. ఆ తర్వాత కార్బొరేటర్ అడుగున స్క్రూ విప్పి చివరి చుక్కను గుడ్డకు పట్టించేవాడు. ఇదంతా మా ఆయనకు చెప్పాను.

"ఇరవై ఏండ్లుగా ఇంజన్లు ఇప్పుతాండా. నాకు నేర్పుతాండావా?" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన అన్నానికి పోయినప్పుడు నేనే పైపు పెట్టి పెట్రోలు తీయబోతే, వెనక్కొచ్చి పనివాళ్ల ముందు నా చేతిలోంచి లాగేశాడు. నేను మళ్లీ దాని జోలికి పోలేదు. చెడిపోతే తెలుస్తుందిలే అని కూడా అనుకున్నాను. అంత రోషం నాది.

ఎనిమిది నెలల తర్వాత నాయన కర్ర పట్టుకుని వచ్చాడు. చెయ్యి నొప్పి పుట్టేదాకా తాడు లాగినా ఇంజను అందుకోలేదు. కార్బొరేటర్ విప్పితే లోపలంతా గోధుమరంగు జిగురు, అక్కడక్కడా తెల్లగా తినేసిన మచ్చలు. అంత పాత ఇంజనుకు ఆ సామాను దొరకదని నంద్యాల మెకానిక్ చెప్పేశాడు.

మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నాయన చేతులు తుడుచుకుని, "ఇంజను ముసల్దయిపాయె. నీ తప్పేముందిలేప్పా" అన్నాడు. ఆ మాట దొరకగానే మా ఆయన తల లేచింది. తాను అప్పుడే అలా అనుకున్నానన్నాడు.

నాయనను బస్సెక్కించడానికి పోయినప్పుడు, బస్టాండులో ఇక ఆగలేకపోయాను. నేను చెప్పాననీ, ఆయన వినలేదనీ నాయనతో అన్నాను.

"పెట్రోలు వాసనకే తెలిసెలేమ్మా. అల్లున్ని ఏమంటాం? నిన్ను ఏలుకోవాల గదా."

కొత్త ఇంజను కొనలేక, ఇప్పుడు నాయన బనగానపల్లెలో ఎవరిదో మామిడితోటకు కాపలా ఉంటాడు. కూతురి కాపురం కోసం బోటునే వదులుకున్నాడని చుట్టాలు పొగుడుతారు. వదులుకొమ్మని నేనడగలేదు. పని నేర్పినవాడు ఆ ఇంజను నా చేతికే ఇచ్చుంటే చాలు. మొగుడి మీద కోపం ఎప్పుడో చల్లారింది. నాయన మీదిది మాత్రం చల్లారడం లేదు.