అరమెట్టు పైన

చుట్టాలందరికీ ఆయన సబ్బుల మామయ్య. దర్జీ దుకాణం పైగదిలో, గోడలకు పాత పరుపులు కొట్టుకుని, ముప్ఫై ఏళ్లు సబ్బుల ప్రకటనలు రికార్డు చేసిన మనిషి. ప్రకటన ముప్ఫై సెకన్లలో ఇమడకపోతే టేపు వేగం పిసరంత పెంచేవాడు. దాంతో శ్రుతి పెరిగి, గొంతు కాస్త సన్నబడి హుషారుగా వినిపించేది. సబ్బు కంపెనీ వాళ్లు సంబరపడిపోయేవాళ్లు. ఆ అలవాటే చివరికి కొంప ముంచింది.

ఆయన మేనకోడలు, ముగ్గురు కుర్రాళ్లతో కలిసి రాక్ బ్యాండ్ పెట్టి, రికార్డింగుకు ఎవరూ గది ఇవ్వకపోతే ఆయన దగ్గరికే వచ్చింది. పదకొండు రోజుల డ్రమ్ముల మోతకు కింద దర్జీ తిట్టని తిట్టు లేదు. పాటలు బాగానే కుదిరాయి. ఆఖరిదొక్కటే నీరసంగా తోచింది మామయ్యకు. ఎవరికీ చెప్పకుండా దాని టేపు వేగం పెంచేశాడు. మర్నాడు అది విని పిల్ల మురిసిపోయింది.

"నేనేనా మామయ్యా ఇలా పాడింది?"

"నువ్వు కాక మీ అమ్మా?" అన్నాడు. నిజం చెప్పడానికి అంత సులువైన సమయం ఆయనకు మళ్లీ దొరకలేదు.

ఆ ఆల్బమ్‌ను జనం నెత్తిన పెట్టుకున్నారు. అందులోనూ ఆ పాటను. బస్సుల్లో అదే, ఆసుపత్రి వరండాల్లోనూ అదే. ఊరూరా కచేరీలు మొదలయ్యాయి. సౌండు చూడటానికి మామయ్యనూ వెంటబెట్టుకెళ్లారు. రికార్డుతో శ్రుతి కలవడం లేదేమిటని గిటార్ కుర్రాడు అడిగితే, "ఆ రోజు తీగలు ఎక్కువ బిగించి ఉంటావు" అని తోసేశాడు. వాడు నమ్మి, తీగలను రికార్డు శ్రుతికి, అంటే అరమెట్టు పైకి బిగించాడు. దాన్ని అందుకోవడానికి పిల్ల గొంతు చించుకోవడం మొదలుపెట్టింది.

"అప్పుడు అవలీలగా పాడాను కదా, ఇప్పుడేమైంది నాకు?" అనేది, వేణ్ణీళ్లు పుక్కిలిస్తూ. మామయ్య ఇంకో గ్లాసు వేణ్ణీళ్లు అందించేవాడు. మొదట బొంగురు వచ్చింది. తర్వాత ఉమ్మిలో ఎర్రటి చార. అది చూసిన రోజే ఆయన పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంకో నెల ఇలాగే పాడితే గొంతు పూర్తిగా పోతుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

ఆ సాయంత్రమే కచేరీ. మామయ్య మేకప్ గది తలుపు మూసి, ఉన్నదంతా చెప్పేశాడు.

పిల్ల అద్దంలోంచి ఆయన్ను చూసింది. "అయితే అంత పైకి నేనెప్పుడూ పాడనే లేదన్నమాట," అంది.

"తప్పయిపోయిందమ్మా. తీగలు దించమని చెప్తాను. కింది శ్రుతిలోనే పాడు. ఎవరూ కనిపెట్టరు."

"కనిపెడతారు. వాళ్లొచ్చింది టేపులో ఉన్న అమ్మాయి కోసం. నా కోసం కాదు."

బయట జనం కాళ్లతో నేలను దంచుతున్నారు. ఆమె మొహం తుడుచుకుని వేదికెక్కింది. మామయ్య వెళ్లి తన సౌండు బల్ల ముందు కూర్చున్నాడు. గిటార్ మోగింది, పై శ్రుతిలోనే. ఆమె గొంతు జనానికి వినపడాలంటే మైకు మీట పైకి జరపాల్సింది ఆయనే.

జరిపాడు.