మధ్యలో నిలబడే మామ

వేంపల్లెలో మా పక్కింటి మిలిటరీ మామకు ఒక అలవాటు ఉండేది. ఎక్కడ గొడవ జరిగినా పోయి మధ్యలో నిలబడేవాడు. తిట్టడు, నచ్చజెప్పడు. చేతులు వెనక్కి కట్టుకుని ఊరికే నిలబడతాడు.

ఒకసారి కొళాయి దగ్గర రెండు వీధులవాళ్లు రాళ్లెత్తారు. మామ మధ్యలోకి పోయాడు. రాయి భుజానికి తగిలినా కదల్లేదు. ఆ దెబ్బకు పసుపు రాస్తూ అడిగాను.

"నీకేం పని మామా ఆడ? సచ్చింటే?"

"ఆఫ్రికాలో ఒక తెగోళ్లను ఊర్లకూర్లే నరుకుతాంటే, ఆపేదానికి శానా దేశాలు కలిసి మమ్మల్ని పంపినాయి పాపా. వెనక్కి రమ్మని ఆర్డరొచ్చె. పోవద్దని ఆ ఊరామె ఒకామె నా చెయ్యి పట్టుకునింది. అయినా లారీ ఎక్కినాం. మరుసటి దినం ఆడ ఎవురూ మిగల్లా."

"ఆమె బాస నీకెట్ల తెలిసె?"

"చెయ్యి వదల్లా పాపా. ఇంకేం తెలియాల? పేరన్నా అడగలా నేను."

పెద్దల అమావాస్యకు వాళ్లమ్మానాన్నల పక్కన ఆమెకూ ఒక విస్తరి వేసేవాడు. "తినుమ్మా" అనేవాడు, అంతే.

పోయినేడు మామ పోయాడు. ఈసారి మా ఇంట్లో ఆయనకొకటి, ఆమెకొకటి నేనే వేశాను.

మొన్న కొళాయి దగ్గర మళ్లీ రాళ్లు లేచాయి. రెండువైపులవాళ్లూ ఒక్క క్షణం మామ ఇంటి తలుపు వైపు చూశారు. తాళం వేసి ఉంది. నేను బిందె దించి మధ్యలోకి నడిచాను. నిలబడ్డాక చేతులు ఒకటే వణుకు. ఎవరికీ కనపడకుండా వెనక్కి కట్టుకున్నాను. మామ కూడా అందుకే కట్టుకునేవాడేమో.