ఎక్స్‌రే వ్యానుకు నేను పెట్టిన తీగ

ఈ సంగతి ఈ పత్రిక పాఠకుల పేజీకి మూడుసార్లు రాశాను. అచ్చు వేయలేదు, తిప్పి పంపనూ లేదు. ఇది నాలుగోసారి.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం రోజుల్లో, మా మొయినాబాద్‌కు క్షయ పరీక్షల ఎక్స్‌రే వ్యాను వచ్చి చర్చి ముందు ఆగింది. బంద్‌ల వల్ల పట్నానికి బస్సులు లేవు. విడవకుండా దగ్గుతున్న మా వదిన రత్నమ్మకు అదే దిక్కు. బావి మోటార్లు బాగుచేసేవాణ్ని కనుక చర్చి నుంచి వ్యానుకు కరెంటు నేనే ఇచ్చాను. సన్న ఫ్యూజు తీగ రెండుసార్లు కాలిపోయింది.

"మందం తీగ పెట్టు! భయమైతే పక్కకు జరుగు," అన్నాడు డ్రైవరు.

"మందం తీగ కాలదు, కరెంటు ఎక్కువొస్తే మిషినే కాల్తది," అన్నాను.

"బాయి మోటార్లు చేసెటోనివి, మిషిన్ల సంగతి నీకేమెరుక?"

వరుసలో అందరూ నవ్వారు. రోషంతో లావు రాగితీగ బిగించాను.

ఇంతలో కరెంటు పోయి, వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువొచ్చింది. నా తీగ కాలలేదు, మిషన్ కాలింది. రత్నమ్మకు ముందు ఇద్దరే ఉన్నారు.

"పోనియ్ తమ్మీ, మళ్ల వస్తరు కద," అంది వదిన.

వ్యాను మళ్లీ రాలేదు. బస్సులు తిరిగేసరికి ఆమె లేదు.

డ్రైవరు మాట నేను మరచిపోలేదు. కానీ తీగ బిగించిన చెయ్యి నాది. వ్యాను ఆఫీసుకు రాసిన ఉత్తరాలకూ జవాబు లేదు. ఆ రోజు వ్యానులో ఉన్నవారెవరైనా ఇప్పటికైనా చెప్పండి: ఆ మిషన్ బాగైందా? బాగైతే మా ఊరికి ఎందుకు తిరిగి రాలేదు?