పంగలకర్ర పట్టుకున్న నీడ

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఇంట్లో ఎవరూ కునుకు తీయరు. ముగ్గురం మూడు చోట్ల ఉంటాం కాబట్టి దాన్ని ఇల్లు అనడం కూడా కొంచెం గొప్పే. నేను కర్నూలులో పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. మా ఆయన ఉద్యోగం కడపలో. అక్కడ గది తీసుకొని, తన వంట తానే వండుకొని, ఆ వంటను తానే మెచ్చుకుంటూ బతుకుతున్నాడు. మా తమ్ముడు పత్తికొండ దగ్గర మా పుట్టినూళ్లో టమోటా పండిస్తాడు. ముగ్గురం కలుసుకునేది ఫోనులో, కోటలూ అడవులూ రాక్షసులూ ఉండే ఒక ఆన్‌లైన్ ఆటలో. చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని, ఆడినంతసేపూ ఒకరినొకరు తిట్టుకుంటాం.

ఆ ఆటలో ఎవరికి వారు ఒక వేషం ఎంచుకోవాలి. దాన్ని క్లాసు అంటారు. నాది మంటలు విసిరే మంత్రగత్తె. ఆ వేషం నాకెందుకు కుదిరిందో, ఎవరూ అడగకపోయినా మా ఆయన అందరికీ వివరిస్తుంటాడు. ఆయనది ఇనుప కవచం తొడుక్కున్న కత్తివీరుడు. అందరికంటే ముందు నడుస్తాడు, అందరికంటే ముందు చస్తాడు. తమ్ముడిది వైద్యుడి వేషం. వెనక నిలబడి మా గాయాలు మాన్పుతాడు. బావ కింద పడినప్పుడు మాత్రం కావాలనే ఆలస్యం చేసి, బతిమాలించుకుంటూ "అడుగు బావా, ఇంగా బాగా అడుగు" అనేవాడు.

అనేవాడు అని ఎందుకంటున్నానంటే, ఆ ఎండాకాలం వాడు మాట్లాడటం మానేశాడు.

మా ఊళ్లో ఎవరు బోరు వేయించుకోవాలన్నా చోటు చూపించేది మా తమ్ముడే. వేపచెట్టు నుంచి పంగలకర్ర విరిచి, రెండు కొసలూ గుప్పిళ్లలో పట్టుకొని, చెప్పులు లేకుండా చేనంతా నడుస్తాడు. కర్ర మొన కిందికి వంగిన చోట రాయి పెట్టిస్తాడు. చేను గలవాళ్లు ఇచ్చిన టీ తాగి వచ్చేస్తాడు. నాకు దాని మీద నమ్మకం లేదు. "కర్రను వంచేది నీళ్లు కాదురా, నీ చేతి నరాలే" అని ఎన్నిసార్లు చెప్పినా, "అట్లనేలే అక్కా" అని నవ్వేవాడు. ఊరందరికీ చూపించినవాడు ఈసారి తన చేనుకు తానే చూపించుకున్నాడు. బోరు బండి వచ్చి రోజంతా తవ్వింది. తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. పాత బోరు అప్పటికే ఎండింది, టమోటా కాపు చెట్టు మీదే వడిలిపోయింది.

ఆ తర్వాత వాడు కర్ర ముట్టలేదు. ఎవరైనా పిలిస్తే, "నా చెయ్యి చెడిపోయిందప్పా, ఇంగొకర్ని చూసుకోండి" అంటున్నాడని అమ్మ చెప్పింది. ఆదివారం ఆటలోకి వస్తాడు, గాయాలు మాన్పుతాడు, చెప్పకుండా వెళ్లిపోతాడు. బావను ఆలస్యం లేకుండా బతికిస్తున్నాడు. నాకు అది చూస్తేనే ఏడుపొచ్చేది. కర్ర మీద నమ్మకం లేదు గాని, మా తమ్ముడి నవ్వు లేకుండా నాకు ఆదివారం గడవదు.

అలాంటి రోజుల్లో ఆట తయారుచేసేవాళ్లు ఒక బొమ్మ విడుదల చేశారు. కొత్త క్లాసు రాబోతోందట. పేరు లేదు, వివరం లేదు. ముసుగు వేసుకున్న ఒక నీడ, రెండు చేతుల్లో ఒక పంగలకర్ర, కాళ్ల కింద కనుచూపు మేర బీటలు. అంతే. అది మంత్రదండమని కొందరు, ఆత్మలను పట్టే కొక్కెమని కొందరు దేశదేశాల ఆటగాళ్లు పేజీలకు పేజీలు వాదించుకుంటున్నారు. మా ఆయన ఆ బొమ్మను మా ముగ్గురి గ్రూపులో పెట్టి, "ఏందిది?" అని అడిగాడు. కాసేపటికి తమ్ముడి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఇంగెవరు బావా! నీళ్లు చూసేటోడు. కాళ్లకు చెప్పులు లేవు చూడు. కర్ర పట్టిన పట్టు చూడు, బొటనేళ్లు బయటికి ఉండాయి. ఆ నేల చూస్తే మన పడమటి చేను మాదిరే ఉండాది."

వాడు అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో. భౌతికశాస్త్రాన్ని బల్ల కింద దాచేసి, "అవున్రా, వాడే" అన్నాను.

ఇక ప్రతి ఆదివారం రాక్షసులను వదిలేసి ఆ కొత్త వేషానికి శక్తులు తయారుచేయడమే మా పని.

"వానికి కత్తి ఉండగూడదక్కా. నీళ్లు చూసేదానికి పట్టే టెంకాయ ఉండాల. అరచేతిలో పండబెడితే, శత్రువు యాడ దాక్కున్నా అది ఆ దిక్కుకు లేచి నిలబడాల."

"పక్కన ఎవరైనా నవ్వితే సగం శక్తి పోవాలి" అన్నాను.

"నువ్వు పక్కనుంటే మొత్తం పోతాది" అన్నాడు మా ఆయన.

"ఆఖరి శక్తి బోరు బండిని పిలిపించడం" అన్నాడు తమ్ముడు. "ఆ మోతకు రాక్షసుల చెవులు పోవాల, దుమ్ముకు కండ్లు కనపడగూడదు."

"బండి ఎప్పుడన్నా చెప్పిన పొద్దుకు వచ్చిందా అప్పా? అది వచ్చేలోపల నేను సచ్చి ఉంటా" అన్నాడు మా ఆయన.

"అది మామూలేగదా బావా."

మా ఆయన ఇదంతా శ్రద్ధగా ఇంగ్లీషులో రాసి, ఆటగాళ్లు వాదించుకునే చోట పెట్టాడు. ఏదో చలిదేశపు మనిషి, "నీళ్ల కోసం నేలకు రంధ్రం ఎందుకు? వాన పడదా?" అని మర్యాదగా అడిగాడు. తమ్ముడు దానికి పడీ పడీ నవ్వాడు.

ఆ ఊపులోనే మా ఆయన నోరు జారాడు. "ఆ వేషానికి ఒక లోపం గూడా పెట్టాల. అందరి చేన్లల్లో పనిచేస్తాది, సొంత చేన్లో మాత్రం చేయదు."

తెరమీద వైద్యుడు మాయమయ్యాడు. "ఒంటికంతా కవచం తొడిగినావే, ఆ నోటికి ఒకటి తొడగరాదా?" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆ పూట ఆయన తన వంటను కూడా మెచ్చుకోలేదు.

తర్వాతి వారం కొత్త క్లాసు, దాని వీడియోతో సహా బయటికొచ్చింది. వాడు నీళ్లు చూసేవాడు కాదు, వేటగాడు. చేతిలోది పిల్లలు పిట్టలను కొట్టే ఉండేలు. కాళ్ల కింద బీటలు నేలవి కావు. వాడు నిలబడింది పెద్ద డ్రాగన్ వీపు మీద! అవి దాని పొలుసులని లోకమంతా ముందే పోల్చుకుందట. వాటిని చేనుగా చూసింది మేము ముగ్గురమే. వీడియో చూసి మొదట నవ్వాను. తర్వాత, ఇక తమ్ముడు రాడేమో అని భయపడ్డాను.

ఆదివారం వచ్చాడు. వైద్యుడి వేషం తీసేసి ఆ కొత్త వేషంలోనే వచ్చాడు. అదే సమయానికి మా మీదికి డ్రాగన్ దిగింది. మా ఆయన ఎప్పటిలాగే ముందుకు పోయాడు, నేను మంటలు విసురుతున్నాను. తమ్ముడు రాయి ఒక్కటీ కొట్టలేదు. ఉండేలును ముందుకు చాపి పట్టుకొని ఇసుకలో మెల్లగా నడుస్తున్నాడు.

"ఏం చేస్తాండావురా! మీ బావ సచ్చిపోతాండాడు!" అని అరిచాను. కోపం వస్తే నాకు ఊరి మాటే వస్తుంది.

"ఉండక్కా." ఇంకొంచెం నడిచి ఆగాడు. "ఈడ ఉండాది."

మా ఆయన డ్రాగన్‌కు వీపు చూపించి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. తమ్ముడు నిలబడిన చోట కత్తి గుచ్చి, "గుర్తు పెట్టినానప్పా" అన్నాడు. డ్రాగన్ వచ్చి ముగ్గురినీ కలిపి కాల్చేసింది. చెవుల్లో తమ్ముడి నవ్వు వినపడింది.

చచ్చినవాళ్లు మళ్లీ లేచేదాకా తెర బూడిదరంగులో ఉంటుంది. ఆ బూడిదలోంచి మా ఆయన గొంతు వచ్చింది. "ఆ పొద్దు నేను అన్నది తప్పప్పా. వచ్చే ఆదివారం వస్తా, మీ చేన్లో ఇంగొకసారి చూపించు. సొంత చేనని చేయి వణికిందేమో. అది మీ అక్క చేననుకో."

ఆ మాట ఆయన నన్ను అడిగి అనలేదు. అడిగి ఉంటే అంత బాగా వచ్చేది కాదేమో.

ఆ ఆదివారం నేను మా ఊరు చేరేసరికి మా ఆయన కడప నుంచి బస్సులో టెంకాయతో సహా దిగాడు. తమ్ముడు వేపకొమ్మ విరుచుకొని గట్టు మీదికొచ్చి, ఊళ్లో ప్రతి చేనులో అడిగినట్టే, "చేను ఎవరిది?" అని అడిగాడు. వాడు నవ్వడం లేదు.

"నాదే" అన్నాను.

"అట్లయితే చెప్పులు విడిచి నా వెనక రాక్కా."

నేను పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే మనిషిని. చెప్పులు గట్టు మీద విడిచి, కాలుతున్న మట్టిలో వాడి వెనక నడిచాను.