వంకాయ రంగు కార్డిగన్

నిన్న బెండకాయ ముక్కల ప్యాకెట్ కోసం ఫ్రీజర్ సొరుగు లాగితే, కొబ్బరి తురుముకీ కరివేపాకు డబ్బాకీ మధ్య వంకాయ రంగు ఉన్ని ఉండలు మంచు పట్టి కూర్చుని ఉన్నాయి. మా ఇంట్లో ఇది వింతేమీ కాదు. అల్లేవాళ్ల ఇళ్లలో ఫ్రీజర్ సగం కూరలకి, సగం ఉన్నికి. ఉన్నిలో బట్టలు కొరికే చిమ్మటల గుడ్లు ఉంటాయనీ, కొన్నాళ్లు గడ్డ కట్టిస్తే అవి చస్తాయనీ మా ఆవిడ చెబుతుంది. ఒకరింటి ఉన్ని ఇంకొకరింటికి పోవాలంటే ముందు ఫ్రీజర్‌లో పడుకుని లేవాల్సిందే. కొత్తలో నేను దీని మీద పెద్ద రగడ చేశాను. తినే తిండి పక్కన గొర్రె బొచ్చేమిటని అరిచాను. ఆవిడ వినలేదు. నిన్న మాత్రం నోరెత్తకుండా సొరుగు మూసి, బెండకాయ మాట మరిచిపోయి వచ్చి హాల్లో కూర్చున్నాను.

నేను చీరాలలో పంపుసెట్ల మోటార్లకి రాగితీగ చుట్టే కొట్టు నడిపినవాణ్ణి. బడి చదువు తొందరగానే ఆగిపోయింది. మిగతాదంతా పొట్లాల కాగితాల్లోనూ, మోటార్లతో వచ్చే చిన్న పుస్తకాల్లోనూ చదువుకున్నాను. మా అమ్మాయి ఉద్యోగం ఇంగ్లండ్‌లో, ఈ బేసింగ్‌స్టోక్‌లో కుదిరాక మమ్మల్నీ ఇక్కడికే తెచ్చుకుంది. రోజూ లైబ్రరీకి పోయి పేపర్లు ముందేసుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ప్రభుత్వాన్ని తిట్టడానికి సరిపడా వచ్చింది. ఒంటరిగా ఇంట్లో ఎందుకని మా ఆవిడని కూడా తీసుకుపోయేవాణ్ణి. అక్కడ ఒక మూల మంగళవారం మంగళవారం ఆడవాళ్లు చేరి, టీ తాగుతూ ఉన్ని అల్లుతుంటారు. మా ఆవిడ పుట్టింటివాళ్లు మగ్గం నేసినవాళ్లు. దారం కనబడితే ఆవిడ కాళ్లు అటే పోతాయి. రెండు మూడు వారాలు దూరంగా నిలబడి చూసింది. తర్వాత నేను పేపర్లోంచి తలెత్తేసరికి వాళ్ల మధ్య కూర్చుని ఉంది, చేతిలో సూదులతో. భాష రాదు కదా ఎలా నేర్చుకున్నావే అంటే, "వేళ్లు చూస్తే తెలీదా?" అంది. నేను అన్నేళ్లు తంటాలు పడి ఇంగ్లీషు నేర్చుకుంటే, ఈవిడ అదేమీ లేకుండానే నాకంటే ఎక్కువమంది స్నేహితుల్ని సంపాదించింది. ఆ మంట నాకు చాలాకాలం ఉండేది.

ఇక ఆ తర్వాత ఇంట్లో సూదుల చప్పుడు లేని పూట లేదు. బస్సులో అల్లేది, సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌లో, పిలుపు కోసం ఎదురుచూస్తూ అల్లేది, కుక్కర్ కూతకీ కూతకీ మధ్య అల్లేది. అప్పుడప్పుడూ ఆ లైబ్రరీ మూలనే ఉన్ని మార్పిడి జరిగేది. ఎవరికి అక్కర్లేని ఉన్ని వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు, ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకుంటారు. బల్ల మీద పెట్టాక అది ఇక మనది కాదు. తిరిగి తీసుకోకూడదు, తీసుకున్నవాళ్లని ఏం చేస్తావని అడగకూడదు. మా ఆవిడ ఇచ్చేది చిన్న సంచి, తెచ్చేది పెద్ద సంచి. ఇదేం మార్పిడి, ఇది వలస అన్నాను ఒకసారి. అమ్మాయి నవ్వింది కానీ ఆవిడ నవ్వలేదు.

ఏడాదికోసారి వీళ్లంతా కోచ్ బస్సు కట్టించుకుని ఉన్ని సంతకి పోతారు. పల్లెటూళ్లో పెద్ద పచ్చిక మైదానం, గుడారాలు, బురద, తడిసిన గొర్రెల వాసన. ఆడవాళ్లు ఉన్ని కట్టల్ని బుగ్గలకి ఆనించుకుని కళ్లు మూసుకుంటారు. మనం బియ్యం నోట్లో వేసుకుని చూసినట్టన్నమాట. ఓ పక్క మొగుళ్ల కోసమే వేసినట్టు ఒక బెంచీ ఉంటుంది. దాని మీద నాలాంటివాళ్లు సంచులకి కాపలా కాస్తూ, ఒకరినొకరు చూసి తలలూపుకుంటూ వాన కోసం ఎదురుచూస్తారు. పోయిన ఏడు అక్కడే ఒక అమ్మాయి దగ్గర మా ఆవిడకి వంకాయ రంగు ఉన్ని దొరికింది. ఆ పిల్ల ఇంట్లో గిన్నెల్లో రంగు కాచి ముంచుతుందట. ఒక వాయి రంగు ఇంకో వాయికి రాదని, ఈ రంగు ఇక దొరకదని చెప్పింది. మా ఆవిడ ఆ బల్ల దగ్గరే చాలాసేపు నిలబడి, మనవరాలికి కార్డిగన్‌కి, అదే ముందు బొత్తాలుండే స్వెట్టర్‌కి, ఎంత పడుతుందో వేళ్ల మీద లెక్కేసుకుని, సరిగ్గా అంతే కొంది. ఇంటికొచ్చి పిల్లని నిలబెట్టి భుజం నుంచి మణికట్టు దాకా కొలిచి, ఎదుగుదలకి రెండు వేళ్లు కలుపుకుంది. చలికాలమంతా అల్లింది. ఒళ్లు అయింది, ఎడమ చెయ్యి అయింది. కుడి చెయ్యి మొదలుపెట్టాల్సిన రోజుల్లో ఆవిడకి పక్షవాతం వచ్చింది.

ప్రాణానికి భయం లేదన్నారు. కాలు వచ్చింది, మాట వచ్చింది, నోరు కొంచెం వంకర తిరిగింది. కుడి చెయ్యి మాత్రం ఒళ్లో పెట్టిన వస్తువులా ఉండిపోయింది. ఫిజియో అమ్మాయి వచ్చి మెత్తటి బంతి ఇచ్చి నొక్కమంది, మళ్లీ ఎప్పుడొస్తావమ్మా అంటే రోటా, అదే డ్యూటీల పట్టిక, చూడాలంది. పొద్దున్నే సర్జరీకి ఫోన్ చేస్తే ఒక గొంతు మనం క్యూలో ఎక్కడున్నామో చెబుతూ ఉంటుంది. నేను ఆ గొంతుతో కూడా పోట్లాడాను. అది మనిషి కాదు నాన్నా అని అమ్మాయి ఫోన్ లాక్కుంది. మనిషైతే మాత్రం ఏం చేస్తుంది? చెయ్యి ఎప్పుడు వస్తుందని అడిగితే అందరూ ఒకేలా తల పక్కకి వంచి, చూద్దాం అంటారు.

లైబ్రరీ ఆడవాళ్లు కేకు పట్టుకుని ఇంటికొచ్చారు. వాళ్లలో పెద్దావిడ ఆ కార్డిగన్ చూసి, మిగిలిన చెయ్యి నేను అల్లి పెడతాను అంది. నేను తెలుగులో చెప్పాను. మా ఆవిడ ఆవిడకి దణ్ణం పెడుతున్నట్టు ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది. వాళ్లు వెళ్లాక నాకు ఒళ్లు మండింది.

"ఇస్తే ఏం పోయిందే? కుట్టు ఎవరు వేసినా కుట్టే కదా."

"ఆవిడ చెయ్యి వదులండీ, అల్లితే సాగినట్టుంటుంది. పక్కనున్నావిడది మరీ వదులు. రెండు చేతులూ రెండు రకాలుగా ఉంటాయి."

"కోటు లోపల ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తాను."

అయితే నేనే అల్లుతానన్నాను. ఆవిడ పక్కనే ఉండి చెబుతుంది, ఫోన్లో వీడియోలున్నాయి, ఇంకేం కావాలి. మోటారు కాయిల్ చుట్టినవాడికి ఈ దారం ఒక లెక్కా అన్నాను.

"కాయిల్ ఒంటికి వేసుకుని తిరుగుతారా ఎవరన్నా?" అంది. పక్షవాతం వచ్చాక అంత పెద్ద మాట అనడం అదే మొదలు. నాకు సంతోషం వేసింది.

భుజం దగ్గర కుట్లు ఎత్తి కిందికి అల్లుకుంటూ రావాలి. ఒక్క కుట్టు తప్పలేదు. లెక్కలో నన్ను ఎవరూ పట్టలేరు. అయితే రాగితీగ వదులుగా చుడితే మోటారు అదిరి కాలిపోతుంది. జీవితమంతా బిగించిన వేళ్లు ఇవి. దారం మెత్తగా జారుతుంటే నాకు భయమేసేది, లాగి బిగించేవాణ్ణి. మా ఆవిడ చూస్తూ, "వదలండి, కొంచెం వదలండి," అనేది. వదిలాననే అనుకునేవాణ్ణి. ముందు మాటతో చెప్పింది, తర్వాత కనుబొమలతో చెప్పింది, తర్వాత కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది.

పూర్తయిన శనివారం మధ్యాహ్నం మనవరాలిని పిలిచి తొడిగించాం. ఎడమ చెయ్యి దూరింది. నేను అల్లిన చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది.

"తాతయ్యా, ఇట్స్ స్టక్."

"లోపలికి తొయ్యవే."

"ఐయామ్ తొయ్యింగ్, తాతయ్యా."

ఆ చెయ్యి బల్ల మీద పెడితే నిలబడేంత గట్టిగా ఉంది. పిల్ల అది ఊపుకుంటూ మర మనిషిలా హాలంతా నడిచింది. మా ఆవిడ వంకర మూతితోనే కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆవిడ చూపు ఎటు పోయిందో చూశాను. బాగా పట్టిన ఎడమ చెయ్యి చివర, పిల్ల మణికట్టు పూర్తిగా బయటికి వచ్చేసి ఉంది. ఎదుగుదలకని కలిపిన రెండు వేళ్లూ ఎప్పుడో అయిపోయాయి.

పిల్ల మేడ మీదికి పోయాక, "ఇలా ఇవ్వండి," అంది మా ఆవిడ. ఒళ్లో వేసుకుని, నేను అల్లిన చేతి చివర ముడి ఎడమ చేత్తో తడిమి పట్టుకుని లాగింది. వరసలు వరసలుగా ఊడి వచ్చింది. "చూశారా, విప్పడానికి ఒక చెయ్యి చాలు," అంది, ఏదో కొత్త విద్య పట్టుబడినట్టు. ఊడిన దారాన్ని నేను ఉండ చుడుతూ కూర్చున్నాను. నేను అల్లిన చెయ్యి భుజం దాకా పోయింది. అక్కడితో ఆగుతుందనుకున్నాను.

"కత్తెర ఇవ్వండి."

"ఎందుకు?"

"ఈ పక్క ముడి గట్టిగా వేశాను. చేత్తో రాదు."

"అది బాగానే ఉంది కదే. అది నువ్వు అల్లింది."

"దాని మణికట్టు చూశారుగా."

"నీ చెయ్యి వచ్చాక కొంచెం పెంచి..."

"నా చెయ్యి వచ్చేసరికి పిల్ల మీ ఎత్తు అవుతుందండీ. ఇదే రంగు ఉన్ని ఎక్కణ్ణించి తెస్తారు?"

సర్జరీలో ఎవరితోనైనా వాదించగలను, కౌన్సిల్‌కి ఉత్తరాలు రాయగలను. ఈ మాటకి మాత్రం లేచి లోపలికి పోయాను. కత్తెర తెచ్చి ఇచ్చాను. ముడి తెగడం లేదంటే నేనే కత్తిరించాను. ఆవిడ లాగుతూ ఉంటే, దారం కుట్ల వంకరతోనే, పిల్లల జుట్టులా ఉంగరాలు తిరిగి నా చేతిలోకి వచ్చింది. మనవరాలు నీళ్లకోసం కిందికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మమ్మా, వై? ఐ డోంట్ మైండ్ షార్ట్ స్లీవ్స్."

"నాకు మైండే తల్లీ," అంది మా ఆవిడ, లాగడం ఆపకుండా.

పిల్ల లోపలికి వచ్చింది. కింద కూర్చుని నా చేతిలో ఉండ తీసుకుంది. నాకంటే వదులుగా చుట్టింది. ఒళ్లు కూడా పోయేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఆ ఉండల్ని వచ్చే మంగళవారం మార్పిడి బల్ల మీద పెట్టి రమ్మంది మా ఆవిడ. ఎవరో ఒకరు చిన్నపిల్లకి అల్లుకుంటారంది. సరే అన్నాను. చలికాలమంతా అల్లిన దాన్ని ఒక్క మధ్యాహ్నంలో విప్పేశాం. ఆ మధ్యాహ్నం మాత్రం నాకు ఇంకా గడవడం లేదు.