సచ్చినోడు మల్లా వచ్చిన ఆట

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో మాదన్నకు నచ్చిన సినిమా ఒక్కటే. డెబ్భై రెండులో గోనెగండ్ల డేరాలో, భార్య ఉచ్చీరమ్మతో నేల మీద కూర్చుని చూసిన ముసుగు వీరుడి బొమ్మ. నల్ల కంబళి భుజాన వేసుకుని గాల్లో ఎగిరే ఆ వీరుడు బాణం తగిలి చచ్చిపోయాడు. డేరా అంతా ఏడ్చింది. రీలు మార్చేసరికి బతికొచ్చి, ఊరిని కాపాడి, కంబళి దులుపుకుంటూ వెళ్లాడు.

"సచ్చినోడు మల్లా వచ్చినాడు సూడు!" అని ఉచ్చీరమ్మ మొగుడి తొడ మీద వాత తేలేలా చరిచింది.

అది మొదలు, మాదన్న మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే ఆమె పక్కన నూలు కండెలు చుడుతూ ఆ కథే చెప్పేది. ఒక్క ముక్క తప్పినా ఒప్పుకునేది కాదు. ఎనభై నాలుగులో మంచం పట్టినప్పుడు కూడా, "ఏడవగాకు. ఆ ముసుగోని మాదిరి మల్లా వస్తాలే" అని ఎగతాళి చేసింది. నాలుగు రోజులకు పోయింది.

మరుసటేడు అదే కథను రంగుల్లో మళ్లీ తీశారని, ఆదోనిలో ఆడుతోందని విని మాదన్న నేత సగంలో ఆపి బస్సెక్కాడు. ఆమె చరిచిన ఆ ముక్క ఇంకొక్కసారి చూడాలి. అంతకుమించి కోరికేం లేదు.

మ్యాట్నీలో కొత్త వీరుడు అతనికి ఏ కోశానా నచ్చలేదు. కంబళి పోయి ఎర్ర పట్టు వచ్చింది. అది పట్టు కాదని నేతగాడి కంటికి వెంటనే తెలిసిపోయింది. "ఎగరకముందు పాట, ఎగిరినాక పాట. వీనికి ఊరిని కాపాడే తీరిక యాడుంది?" అని గొణిగితే వెనకవాళ్లు కసిరారు. బాణం తగిలింది. వీరుడు పడ్డాడు. మాదన్న నిటారుగా కూర్చున్నాడు. లైట్లు వెలిగాయి.

జనం వెళ్లిపోయినా అతను లేవలేదు. టికెట్లు చించే అబ్రహాం వచ్చాడు. పాత పరిచయమే, ఒకప్పుడు గోనెగండ్ల డేరాలో సినిమా మిషన్ నడిపింది ఇతనే.

"బొమ్మ అయిపాయ, లెయ్ మాదన్నా."

"యాడైపాయ? వాడు మల్లా రావల్ల గదా! పాతదాంట్లో వచ్చినాడు. వీళ్లు ఆ ముక్క కోసేసినారు."

అబ్రహాం తల గీక్కున్నాడు. "పాతదాంట్లోనూ రాలేదప్పా. ఆ పొద్దు సచ్చే రీలు ముందేసి, దాని ముందుది ఎనకేస్తి. మీరంతా ఈలలేసి ఎగురుతాంటే సెప్పేకి నోరు రాలేదు."

పాపం, ఉచ్చీరమ్మ ఆ తప్పును నమ్ముకునే పోయింది.

"ఇంగొక్కసారి అట్లే తప్పు సెయ్యకూడదా అన్నా?"

"ఇప్పుడు మిషన్ నా సేతిలో లేదప్పా" అని అబ్రహాం కదలబోయి, అతని మొహం చూసి ఆగాడు. "ఈడే కూసో. అరగంటకు ఫస్టు షో. మొదటి రీల్లోనే ఎగురుకుంటా వస్తాడు." టికెట్ అడగలేదు.

మాదన్న పక్క సీట్లో తువ్వాలు వేశాడు. ఎవరో అడిగితే "మనిషుంది" అన్నాడు. లైట్లు ఆరాయి. కాసేపటికి చచ్చినవాడు రానే వచ్చాడు. హాలంతా ఈలలు.

"వచ్చినాడు సూడుమే" అన్నాడు మాదన్న పైకే. తువ్వాలు వైపు కాసేపు చూసి, తన తొడ మీద తనే గట్టిగా చరుచుకున్నాడు. ఉచ్చీరమ్మ కొట్టినట్టు తగల్లేదు.